మా నాయిన ఫార్మర్ కాదు



ఈ రోజు మీకు ఒక శుక్రవారం సాయంత్రం గురించి చెప్తాను. మొత్తం కలిపితే మూడు గంటలు కూడా ఉండదు. మా అమ్మను, నాయినను తీసుకుని మా ఇంటి దగ్గర ఉన్న ఒక చిన్న బ్రూవరీకి వెళ్లాను. అంతే కథ. కానీ ఆ మూడు గంటల్లో, నేను పదిహేనేళ్లుగా చెప్తూ వచ్చిన ఒక అబద్ధం బయటపడింది. మా ఇంట్లో పన్నెండేళ్లుగా ఎవ్వరూ ఎత్తని ఒక మాట కూడా బయటికొచ్చింది.

ముందు ఆ అబద్ధం సంగతి చెప్తా.

మాది నల్గొండ జిల్లాలో ఒక ఊరు. మా నాయిన గీత కార్మికుడు. అంటే తాటిచెట్టు ఎక్కి కల్లు గీస్తాడు. మా తాత కూడా అదే పని. నడుముకు మోకు వేసుకుని, ముత్తాదులో కత్తులు పెట్టుకుని తెల్లారకముందే ఇంట్లోంచి వెళ్లిపోయేవాడు. నేను స్కూలుకు తయారయ్యే టైమ్‌కి సైకిల్ మీద లొట్టి కట్టుకుని తిరిగొచ్చేవాడు. ఆ పుల్లటి వాసన మా ఇంటి గోడల్లోనే ఉండేది. నాకు చిన్నప్పుడు అది వాసన అని కూడా తెలియదు. వేరేవాళ్ల ఇళ్లకు వెళ్లాక తెలిసింది, అందరి ఇళ్లు ఇలా వాసన రావు అని.

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్‌లో చేరిన మొదటి వారం, హాస్టల్ రూమ్‌లో ఒకడు అడిగాడు. "మీ డాడీ ఏం చేస్తారు?" వాళ్ల నాన్న బ్యాంకులో మేనేజర్. ఇంకొకడి నాన్న టీచర్. నా నోటి నుంచి వచ్చిన మాట, "వ్యవసాయం". ఆలోచించి చెప్పింది కాదు. దానంతట అదే వచ్చేసింది. ఆ తర్వాత ఫారాల్లో అదే రాశాను, ఇంటర్వ్యూల్లో అదే చెప్పాను, అమెరికా వచ్చాక ఆఫీసులో 'ఫార్మర్' అన్నాను. మా ఆవిడ వాళ్లింట్లో మాత్రం ముందే తెలుసు కాబట్టి అక్కడ అవసరం పడలేదు.

ఇప్పుడు ఆ సాయంత్రం దగ్గరికి వద్దాం.

నేనుండేది సియాటిల్‌లో. మన తెలుగువాళ్లు ఎక్కువగా రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బోతెల్ వైపు ఉంటారు. మా ఆవిడ నర్సు, ఆమె హాస్పిటల్‌కు దగ్గరని మేం బల్లార్డ్ అనే పేటలో ఉంటున్నాం. ఒకప్పుడు అది విడి ఊరు, 1907లో సియాటిల్‌లో కలిపారు. చేపలు పట్టేవాళ్లు, రంపపు మిల్లుల్లో పనిచేసేవాళ్లు, నార్వే, స్వీడన్ నుంచి వచ్చినవాళ్లు ఉండే పేట. ఇప్పుడు ఆ పాత గోడౌన్లు, మెకానిక్ షెడ్లలో చాలావాటిలో చిన్న చిన్న బ్రూవరీలున్నాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచి వెళ్లొచ్చు.

ట్యాప్‌రూమ్ అంటే ఏంటో తెలియనివాళ్లకు ఒక మాట. అది బార్ కాదు. బీర్ తయారయ్యే షెడ్డులోనే ఒక మూల నాలుగు బల్లలు వేసి, ట్యాంకుల్లోంచి వచ్చింది అక్కడే పోస్తారు. వేరే కంపెనీ బీర్ సాధారణంగా ఉండదు. వంటగది కూడా చాలాచోట్ల ఉండదు, బయట ఒక ఫుడ్ ట్రక్ ఆగి ఉంటుంది. హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు మీరు చూసిన మైక్రో బ్రూవరీలు ఊహించుకోకండి. అవి పెద్ద రెస్టారెంట్లు, డీజే, లైట్లు. ఇది మా వీధి చివర కిరాణా కొట్టు లాంటిది అనుకోండి. పెద్ద గ్యారేజ్ షట్టర్ పైకెత్తి ఉంటుంది, లోపల స్టీలు ట్యాంకులు, తడి సిమెంటు నేల, ఆ మూల పిల్లలు బోర్డ్ గేమ్ ఆడుతుంటారు, బల్ల కింద ఎవరిదో కుక్క పడుకుని ఉంటుంది.

ఈ పేటకు ఒక చిన్న చరిత్ర కూడా ఉంది. 1982లో రెడ్‌హుక్ అనే బ్రూవరీ తన మొదటి బీర్‌ను ఇక్కడే, బల్లార్డ్‌లో, ఒక పాత షెడ్డులో తయారుచేసి అమ్మింది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకాయన గోర్డన్ బౌకర్, స్టార్‌బక్స్ పెట్టిన ముగ్గురిలో కూడా ఒకరు. ఆ మొదటి బీర్‌లో అరటిపండు వాసన వచ్చిందట. జనం దానికి 'బనానా బీర్' అని పేరు పెట్టేశారు. తప్పు ఈస్ట్‌ది. అప్పటికి నాలుగేళ్ల ముందు, 1978లో, అమెరికా మొత్తం మీద బ్రూవరీలు వందకు లోపే మిగిలాయి. పెద్ద కంపెనీలు చిన్నవాటిని మింగేశాయి. అదే ఏడాది ఇంట్లో బీర్ చేసుకోవడం నేరం కాదని ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం పెట్టారు. ఇళ్లలో, గ్యారేజీల్లో చేసుకుంటూ నేర్చుకున్నవాళ్లు మెల్లగా షెడ్లు అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడు దేశంలో 9 వేలకు పైగా బ్రూవరీలున్నాయి.

మా వీధి ట్యాప్‌రూమ్ తలుపు మీద తలకిందులుగా ఉన్న సీసా బొమ్మ ఒకటి ఉంటుంది. 2017లో ఇక్కడి చిన్న బ్రూవరీల సంఘం తెచ్చిన గుర్తు అది. పెద్ద మద్యం కంపెనీకి ఇందులో పావు వంతు వాటా కూడా లేదు అని దాని అర్థం.

సరే. పోయిన సెప్టెంబర్‌లో అమ్మానాయిన వచ్చారు. మూడు వారాలు గడిచాయి. నాయినకు ఏం తోచట్లేదు. పొద్దున నాలుగింటికి లేచి కూర్చుంటాడు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న ఫర్ చెట్టును చూసి, "దీన్ని ఎక్కుడు అల్కగనే ఉంటది, కొమ్మలున్నయ్" అంటాడు. ఆ శుక్రవారం మా ఆవిడకు నైట్ డ్యూటీ. నేను ఊరికే అడిగాను, "నాయినా, ఇక్కడ బీర్ చేసే చోటు ఉంది, చూద్దువా?" అని.

అమ్మ వంటింట్లోంచే అంది. "అమెరికా దాకొచ్చి కూడా కల్లు దుకాణానికేనా?"

అమ్మకు మందంటే పడదు. పడదంటే, మామూలుగా కాదు. అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, తాగి చనిపోయాడు. 38 ఏళ్లు. కాలేయం పాడైంది. చివరి నెలలో కళ్లు పసుపు పచ్చగా అయిపోయి, పొట్ట ఉబ్బి, గాంధీ ఆస్పత్రిలో... వద్దులెండి. అప్పుడు నేను ఫైనలియర్‌లో ఉన్నా. దినాల రోజు మా ఇంటి ముందు షామియానా కింద కూర్చున్న ఒకాయన పక్కవాడితో అనడం నేను విన్నాను. "బావ పోసుడు, బామ్మర్ది తాగుడు, గింకేమైతది?" నేను నమ్మేశాను. ఎందుకంటే మామ మొదట తాగింది మా నాయిన చెట్టు కిందే. నేను చూశాను. తాటాకు రేక పట్టి తాగేవాడు, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని.

అంతకుముందు వరకు నాది ఉట్టి సిగ్గు. ఆ రోజు నుంచి లోపల ఒక కోపం కూడా చేరింది. 'వ్యవసాయం' అని చెప్పడం ఇంకా తేలికైపోయింది.

చివరికి అమ్మ కూడా వచ్చింది. ఇంట్లో ఒక్కతే ఉండలేక వచ్చింది, అంతే. "నేను తలుపు దగ్గర్నే కూసుంట" అని కండిషన్.

తలుపు దగ్గరే మొదటి ఆశ్చర్యం. అక్కడున్న అబ్బాయి నాయినను ఐడీ అడిగాడు. 21 నిండాయా లేదా అని. నాయిన వయసు 61. నెత్తి మొత్తం తెల్లగా ఉంది. అమ్మ కొంగులో కట్టుకొచ్చిన పాస్‌పోర్టులు తీసి ఇచ్చింది. ఆ అబ్బాయి సీరియస్‌గా పుట్టిన తేదీ చూసి, నవ్వి, వెనక్కిచ్చాడు. నాయిన గర్వంగా అన్నాడు, "సూసినవా, నేను పడుచోని లెక్కనే ఉన్న."

నేను ఒక ఫ్లైట్ చెప్పాను. అంటే చిన్న చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు, ఒక చెక్క పలక మీద పెట్టి ఇస్తారు. "ఫ్లైట్ అంటే మల్ల ఇమానం ఎక్కాల్నా?" అన్నాడు నాయిన. అమ్మకు నిమ్మరసం.

ఫుల్ గ్లాసు ధర బోర్డు మీద 8 డాలర్లు అని ఉంది. నాయిన రూపాయల్లో అడిగాడు. దాదాపు 700 అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నేను లొట్టి మొత్తం అమ్మినా గన్ని రావు గదరా" అన్నాడు.

నాలుగు గ్లాసులూ ఆయన వరుసగా తాగలేదు. ముందు ఒక్కోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, దీపం వైపు ఎత్తి చూశాడు, తర్వాత ఒక్క గుటక. ఐపీఏ తాగి మొహం అదోలా పెట్టి, "యాపాకు నమిలినట్టున్నది" అన్నాడు. నల్లటి స్టౌట్‌ను, "మాడినయ్ గింజలు" అన్నాడు. అది నిజమే, బార్లీని నల్లగా వేయిస్తేనే ఆ రంగు వస్తుంది. మూడోది గోధుమ బీర్. "అరటిపండు వాసనొస్తుంది" అన్నాడు. నేను బనానా బీర్ కథ చెప్పలేదు అప్పటికి! ఈ రకానికి మాత్రం ఆ వాసన కావాలనే తెప్పిస్తారు. నాలుగోది పుల్లటి బీర్. అది తాగి ఆగాడు. ఇంకో గుటక వేశాడు. "ఇది పొద్దుగూకినంక కల్లు."

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన చెప్పింది సరిగ్గా కరెక్ట్. కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. ఆ పులుపు లాక్టిక్ యాసిడ్ చేసే బ్యాక్టీరియా వల్ల. ఈ పుల్లటి బీర్లలో కూడా పనిచేసేది అలాంటి బ్యాక్టీరియానే. మా నాయిన ఏడో తరగతి. నాలుక మాత్రం ల్యాబే.

మేం ఇలా మాట్లాడుకుంటుంటే రబ్బరు బూట్లు వేసుకున్న ఒకావిడ పైపుతో నేల కడగడం ఆపి మా బల్ల దగ్గరికొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆ బ్రూవరీ ఓనర్లలో ఒకరు, బ్రూవర్ కూడా ఆవిడే. మా నాయిన గ్లాసు పట్టుకునే తీరు చూసి వచ్చిందట. "మీరు ఈ పనిలో ఉన్నవాళ్లా?" అని అడిగింది. నేను తెలుగులో చెప్పేలోపే ఇంకో ప్రశ్న వేసింది. "మీ నాన్నగారు అక్కడ ఏం చేస్తారు?"

నేను, "హీ ఈజ్ ఎ ఫార్మర్" అన్నాను.

నాయిన గ్లాసు కింద పెట్టాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. కానీ 'ఫార్మర్' అనే మాట ఊర్లో మందుల కంపెనీ వాళ్ల గోడ రాతల మీద ముప్పై ఏళ్లుగా చూస్తున్నాడు.

"పార్మరా? నాకు గుంటెడు జాగ లేదు, నేనేం పార్మర్‌ను? సక్కగ చెప్పురా. తాళ్లు ఎక్కుత అని చెప్పు. కల్లు గీస్త అని చెప్పు."

కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. అదే ఎక్కువ తగిలింది. అమ్మ నా వైపు చూసింది. అమ్మకు అర్థమైంది, ఇది మొదటిసారి కాదని.

నేను చెప్పాను. 'ఫార్మర్' అన్నది తప్పు అని కూడా చెప్పాను. మా నాన్న తాటిచెట్లు ఎక్కి, గెలను రోజుకు రెండు మూడుసార్లు పల్చగా చెక్కి, కుండ కట్టి, అందులో పడే రసాన్ని దించుతాడు, అదే పులిసి కల్లవుతుంది అన్నాను. ఆ అమ్మాయి నమ్మలేనట్టు చూసింది. అప్పుడు నాయిన తన ఫోన్ తీశాడు. వాట్సాప్‌లో మా బాబాయి పంపిన ఒక ఫోటో. చెట్టు కొనన నాయిన, నడుముకు మోకు, కింద పొలం చిన్నగా కనిపిస్తోంది. ఆ ఫోటో నేనెప్పుడూ చూడలేదు. నాకెప్పుడూ పంపలేదు ఆయన.

ఆ తర్వాత ఒక అరగంట నేను ఉట్టి ట్రాన్స్‌లేటర్‌ని. నాకు చోటే ఇవ్వలేదు ఇద్దరూ.

ఆమె అడిగింది, "ఈస్ట్ ఎక్కడి నుంచి వేస్తారు?"

నాయిన, "ఎయ్యుడు ఎందుకు? కుండలనే ఉంటది. కడిగీ కడగనట్టు కడగాలె. మొత్తం కడిగితే తొందరగ పొంగదు. సున్నం పూస్తే అస్సలే పొంగదు, అది నీరా."

ఆమె పెద్దగా నవ్వి, మమ్మల్ని ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లింది. ఒక ట్యాంకు అడుగున చేరిన ఈస్ట్‌ను పడెయ్యకుండా తర్వాతి ట్యాంకులో వేస్తామని చూపించింది. అంటే ఇద్దరి పద్ధతీ ఒకటే, ఈమెది స్టీలు కుండ. బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతారు, దాన్ని దంచి సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో నానేస్తే పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఆ నీళ్లను గంటసేపు మరిగిస్తారు, చల్లార్చి ఈస్ట్ వేస్తారు. నాయిన అంతా విని ఒకటే అన్నాడు. "మాకు గీ వంటంతా చెట్టే చేసి పెడ్తది."

ట్యాంకు నుంచి ఒక గొట్టం కింద బకెట్ నీళ్లలోకి దిగి ఉంది. అందులోంచి బుడబుడమని గాలి బయటికొస్తోంది. నాయిన వంగి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. చెట్టు మీద కుండలో కల్లు పొంగేటప్పుడు ఇలాగే చప్పుడు వస్తుందట, పైన గాలి లేనప్పుడు బాగా వినబడుతుందట. అరవై అడుగుల ఎత్తులో, ఒక్కడే, ఆ చప్పుడు వింటూ ఉంటాడన్నమాట. నేను ఆయన కొడుకుని, ఇది నాకు తెలియదు.

ఆ వారం వాళ్ల దగ్గర ఫ్రెష్ హాప్ బీర్ ఉంది. హాప్స్ అంటే బీర్‌కు చేదు, సువాసన ఇచ్చే పూలు. చిటికెనవేలంత ఉంటాయి, పచ్చగా, పొరలు పొరలుగా. అమెరికాలో పండే హాప్స్‌లో దాదాపు ముప్పావు వంతు మా వాషింగ్టన్ రాష్ట్రంలోనే పండుతాయి, అదీ యాకిమా లోయలో. మా దగ్గర్నుంచి రెండున్నర గంటల డ్రైవ్. మామూలుగా కోసిన వెంటనే వాటిని ఆరబెట్టేస్తారు. కానీ ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ దాకా, కోతల టైమ్‌లో, కొందరు పచ్చివే తెచ్చి ఒక్క రోజులోపు బీర్‌లో వేసేస్తారు. ఆలస్యమైతే వడలిపోయి పాడవుతాయి. ఈమె చీకటితోనే వ్యాన్ తీసుకుని బయల్దేరి, మధ్యాహ్నానికల్లా తెచ్చి మరుగుతున్న గంగాళంలో వేసిందట.

నేను ఇది చెప్పగానే నాయిన తలూపాడు. "గది పని. ఏ పొద్దుది ఆ పొద్దే." తర్వాత అడిగాడు, ఆ పూల చెట్టు ఎంత ఎత్తుంటదని. తీగ, తాళ్ల మీద 18 అడుగుల దాకా పాకుతుంది అందామె. "గంతేనా?" అన్నాడు. నాదెంతో చెప్పు అన్నట్టు నా వైపు చూశాడు. అరవై అని చెప్పా. పడిపోరా అని అడిగింది. 2009లో పడ్డాడు, ఎడమ కాలు విరిగింది, మూడు నెలలు మంచంలో ఉన్నాడు. 2024లో మన దగ్గర ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' అని సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, జారినా పట్టుకుంటుంది. అంతకుముందు మోకూ, కాటమయ్య దేవుడూ, అంతే. ఆమె చెయ్యి తుడుచుకుని నాయినకు షేక్‌హ్యాండ్ ఇచ్చింది.

ఇక్కడితో ఆగిపోతే ఇదొక మంచి ఫీల్ గుడ్ వీడియో అయ్యేది. కానీ మేం బల్ల దగ్గరికి తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకో వైపు చూస్తోంది.

కౌంటర్ దగ్గర ఒకాయన. నలభై ఏళ్లుంటాయి. ఎక్కడో తాగి వచ్చినట్టున్నాడు, మాట ముద్దగా వస్తోంది. ఇంకో గ్లాసు అడుగుతున్నాడు. పోసే అమ్మాయి ఒక పెద్ద గ్లాసు నిండా మంచినీళ్లు పోసి ముందు పెట్టింది. బీర్ పొయ్యనంది. ఆయన కార్డు బల్ల మీద పెట్టి మళ్లీ అడిగాడు. ఆమె గొంతు పెంచలేదు, కార్డు వెనక్కి జరిపింది. "ఇంటికి ఎలా వెళ్తున్నావ్?" అని అడిగింది. క్యాబ్ వచ్చేదాకా ఇంకో కుర్రాడు ఆయన పక్కన నిలబడ్డాడు.

అమ్మ నన్నడిగింది. "పైసలిచ్చినా పొయ్యదా?"

పొయ్యదు అన్నాను. మత్తులో ఉన్నట్టు కనిపించేవాళ్లకు పొయ్యడం ఇక్కడ చట్టానికి విరుద్ధం. పోసేవాళ్లు దీనికోసం క్లాసు విని పర్మిట్ తీసుకోవాలి. అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని నేను చెప్పను. తాగి నడిపే బండ్ల వల్ల ఈ దేశంలో ఏటా 10 వేల మందికి పైగా చనిపోతున్నారు. చిన్న బ్రూవరీలో చేసిందా, పెద్ద ఫ్యాక్టరీలో చేసిందా అని కాలేయం చూసుకోదు. ఇంకోటి, ఇక్కడ చదువుకుంటున్న మన పిల్లలు వినండి. తాగి బండి నడిపి పట్టుబడితే, కోర్టులో తేలకముందే, అరెస్టు ఒక్కదానితో మీ వీసా రద్దు చెయ్యగలరు. నేను నడిచి వెళ్లే దూరంలో ఉన్నదానికే ఎందుకు వెళ్తానో అర్థమైంది కదా.

అమ్మ ఆ ఖాళీ స్టూలు వైపే చూస్తోంది. "మా తమ్మునికి ఒక్కడన్న గట్ల చెప్పి ఉంటే..." అంది.

నేను నాయిన వైపు చూడలేదు. నా మనసులో షామియానా కింద విన్న మాటే ఉంది. బావ పోసుడు, బామ్మర్ది తాగుడు.

నాయిన కొంచెంసేపటికి అన్నాడు. "నేను చెప్పిన."

అమ్మ తిరిగింది.

"చెట్టు కింద. పొద్దుగాలనే వచ్చిండు. చేతులు వణుకుతున్నయ్. ఇగ నీకు పొయ్య, దవాఖానకు పోదాం పా అన్న. నన్ను బండబూతులు తిట్టి పోయిండు. మల్ల నా చెట్టు కిందికి రాలే. బెల్టు షాపుకు మరిగిండు. ఆడ అడిగేటోడు లేడు, ఆపేటోడు లేడు. రాత్రి పన్నెండింటికి తలుపు కొట్టినా సీసా ఇస్తడు, అప్పు రాసుకుంటడు."

బెల్టు షాపు అంటే తెలుసు కదా. లైసెన్సు ఉండదు, ఏ కిరాణా కొట్టు వెనకో, ఇంట్లోనో సీసాలు అమ్ముతారు.

"నాకెందుకు చెప్పలే?" అంది అమ్మ.

"ఏమని చెప్పాలె? నేను పొయ్యకుంటెనే ఆడికి పోయిండు గద. నువ్వు అదే అంటవనుకున్న."

పన్నెండేళ్లు. ఊరంతా పోసినందుకు ఆయన్ని తిట్టుకుంది. ఆయన పొయ్యనందుకు తనను తాను తిట్టుకుంటున్నాడు.

అమ్మ ఏడవలేదు. ఏమీ అనలేదు కూడా. బయట ట్రక్ నుంచి తెచ్చిన టాకోలు బల్ల మీద అలాగే ఉన్నాయి. ఒకటి తీసి నాయిన ముందు పెట్టింది. "తిను. సల్లారిపోతుంది." అంతే. ముప్పై ఏడేళ్ల కాపురంలో వాళ్లు ఏ గొడవైనా అలాగే తేల్చుకుంటారు, నాకు తెలుసు.

నేను మాత్రం లేచి బయటికెళ్లి, కుక్క పక్కన నిలబడి, కాసేపు ఫోన్ చూస్తున్నట్టు నటించాను. లోపలికి రాగానే ఏదో ఒకటి చెప్పాలి. "నాయినా, నేను కాలేజీలో కూడా అందరికీ వ్యవసాయం అనే చెప్పిన" అన్నాను. ఆయన నములుతూ అన్నాడు, "నాకెరుకే. మీ దోస్తులు ఇంటికొచ్చినప్పుడు మోకు కొట్టంల దాచిపెట్టేటోనివి గద." ఆయనకు అంతా తెలుసు. ఒక్కసారీ అడగలేదు.

వెళ్లేటప్పుడు ఆ బ్రూవర్ ఒక కాగితం సంచిలో గుప్పెడు పచ్చి హాప్స్ పోసి నాయినకిచ్చింది. ఇంటికెళ్లే దారంతా అమ్మ ఆ సంచిని మాటిమాటికీ తెరిచి వాసన చూస్తూనే ఉంది. "మందు వాసన లేదు, మరువం లెక్క ఉంది" అంది. మర్నాడు వాటిని దేవుడి పటం దగ్గర పెట్టింది. నేనేం మాట్లాడలేదు.

సోమవారం ఆఫీసులో లంచ్ దగ్గర వీకెండ్ ఎలా గడిచిందని అడిగారు. చెప్పాను. మొత్తం కాదు, నాయిన పని గురించి చెప్పాను. మా టీమ్‌లో ఒక విజయవాడ అబ్బాయి ఉన్నాడు, నాలుగేళ్లుగా పక్క సీటే. వాడు నన్ను పక్కకు పిలిచి, "బ్రో, మా అమ్మ ఇళ్లల్లో వంట చేస్తుంది. క్యాటరింగ్ బిజినెస్ అని చెప్పాను నీకు" అన్నాడు. ఇద్దరం కాఫీ మెషిన్ దగ్గర పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

నాయిన ఇప్పుడు ఊర్లో ఉన్నాడు. ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు, ఆపమంటే వినడు. కిట్టు పెట్టుకుంటున్నాడో లేదో అమ్మను అడిగి కనుక్కుంటాను. అమ్మ ఒక్కోరోజు పెట్టుకున్నాడంటుంది, ఒక్కోరోజు మాట మారుస్తుంది.

ఈ వీడియో ఆయన తప్పకుండా చూస్తాడు, బాబాయి ఫోన్‌లో పెట్టి చూపిస్తాడు. అందుకని ఒక మాట. నాయినా, ఆ చెట్టు మీది ఫోటో నాకింకా పంపలే నువ్వు. ఆ బీరు అమ్మాయి పోయిన వారం కూడా అడిగింది, గోడకు పెడ్తదట. బాబాయికి చెప్పి వాట్సాప్‌లో పంపు. మసక లేకుండా, పెద్దది.